తాబేళ్ళాయన సన్మానం

సన్మానం రోజు తెల్లవారేసరికి సముద్రం సరుగుడు తోట మొదట్లోకి వచ్చేసింది.

ముందురోజు సాయంత్రమే గాలి తిరిగింది. ఉప్పాడ తీరంలో పుట్టి, ఆ తీరంలోనే కాపురం చేస్తున్న వీరవేణికి ఆ గాలి ఏం మోసుకొస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె పుట్టిన ఇల్లు ఇప్పుడు నీళ్ళలో ఉంది. పెళ్ళయి అడుగుపెట్టిన అత్తగారి ఇల్లూ నీళ్ళలోనే ఉంది. ఇప్పుడుంటున్న రేకుల ఇల్లు రోడ్డుకి ఇవతల, కాస్త మెరక చూసి వేసుకున్నది. అయినా పోటు వచ్చిన రోజుల్లో కెరటం విరిగే చప్పుడు మంచం కిందనుంచే వస్తున్నట్టుంటుంది.

పొయ్యి మీద టీకి నీళ్ళు పెట్టి, ఇస్త్రీ చేయించి తెచ్చిన భర్త తెల్లచొక్కా సంచిలోంచి తీసి కుర్చీ మీద వేసింది. పొద్దున్నే బస్సెక్కితే గాని మధ్యాహ్నం రాజమండ్రిలో సభకి అందుకోలేరు. అప్పుడొచ్చాడు చినబాబు, తొడల దాకా తడిసి, గడ్డంలో కూడా ఇసకతో. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు.

"కంచె దాకా వచ్చేసింది వీరేణీ. నేను రాలేను. నువ్వెళ్ళు."

కంచె అంటే తోటలో వెదురు బొంగులు పాతి, పాత వల చుట్టి చేసిన చోటు. చలికాలం వెళ్ళబోయే రోజుల్లో తాబేళ్ళు ఒడ్డెక్కి ఇసకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేసే లోపల చినబాబు ఆ గుడ్లు ఏరి తెచ్చి, కంచెలో గుంటలు తీసి పూడ్చి, పిల్లలు పైకొచ్చే దాకా కాపలా కాస్తాడు. పిల్లలు వచ్చాక బుట్టలో పట్టుకెళ్ళి అల అంచున వదులుతాడు. ఎన్నో ఏళ్ళుగా అదే పని. పాలెంలో అందరూ అతన్ని తాబేళ్ళాయన అంటారు. ఎదురుగా అన్నప్పుడు అది మర్యాదగానే వినిపిస్తుంది.

నీ సన్మానానికి నేను వెళ్ళి ఏం చేయాలి అని అడగాలనుకుంది వీరవేణి. అడిగితే మాటకి మాట పెరుగుతుంది. పెంచే ఓపిక లేదు. వారం నుంచీ ఎండుచేపల పనితో నడుం పట్టేసి ఉంది. పైగా అతను చెప్పింది నిజమే. నెల దాటిన గుడ్డుని ఏ వైపుకీ తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టు ఎత్తి మెరకకి మార్చాలి. ఆ పని నమ్మకంగా చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు. సాయానికి రమ్మని పిలిస్తే వచ్చేవాళ్ళూ లేరు.

టీ గ్లాసు అతని చేతికిచ్చి, చొక్కా మడిచి మళ్ళీ సంచిలో పెట్టి, తను చీర మార్చుకుంది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పిఠాపురంలో మారి, సామర్లకోట దాటాక దారి పొడుగునా దాళ్వా వరి చేలు. అంత పచ్చదనం చూసి కూడా ఆమెకి అన్నయ్యే గుర్తొచ్చాడు. చిన్నప్పుడు అమ్మతో పాటు ఎండుచేపలు అమ్మడానికి ఈ ఊళ్ళకి వచ్చేవాళ్ళు. గంప అన్నయ్య గంగయ్య నెత్తిన ఉండేది, చెల్లెలు అతని చెయ్యి పట్టుకుని నడిచేది.

గంగయ్య తర్వాత కష్టపడి పైకొచ్చాడు. మరో ఇద్దరితో కలిసి మరబోటు కొన్నాడు, కాకినాడ రేవులో కడతాడు. చినబాబుకి చెల్లెల్నిచ్చి, బోటులో పని కూడా ఇచ్చాడు. బావా బావమరుదులు ఒకే బోటులో వేటకెళ్ళి, ఒకే కంచంలో తిన్నట్టు ఉండేవాళ్ళు. ఒకసారి వల లాగితే చేపలతో పాటు తాబేళ్ళు పడ్డాయి, అన్నీ చచ్చినవే. చినబాబు వాటిని ఒక్కొక్కటే సముద్రంలోకి జార్చి, రేవుకి వచ్చాక ఇక బోటెక్కనన్నాడు. చిన్న తెప్ప ఒకటి చూసుకుని ఒడ్డుకి దగ్గర్లో వేట చేసుకుంటూ, ఈ గుడ్ల పనిలో పడ్డాడు. అంతవరకూ గంగయ్య ఏమీ అనలేదు. నీ పిచ్చి నీది బావా అని నవ్వి ఊరుకున్నాడు.

రెండేళ్ళ క్రితం తాబేళ్ళొచ్చే రోజుల్లో మరబోట్లు రావద్దన్న చోటికి వచ్చి ఒడ్డు వెంబడే వల లాగుతుంటే చినబాబు అధికారులకి ఫోన్ చేశాడు. అందులో ఒక్క బోటే దొరికింది. అది గంగయ్యది. మిగతావి తప్పించుకుపోయాయి. ఆ సీజనంతా బోటు రేవులో కట్టేసి ఉంచారు. అందులో పనిచేసే కళాసీలు వేరే బోట్లకి వెళ్ళిపోయారు. గంగయ్య వచ్చి వీధిలో నిలబడి అడిగింది ఒక్కటే మాట. ఆ బోటు నాదని తెలిసే చేశావా బావా అని. తెలుసు అన్నాడు చినబాబు. గంగయ్య వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. వదిన దారిలో ఎదురైతే తల తిప్పుకుని వెళుతుంది. వీరవేణి తల్లి సంవత్సరీకం నాడు కూడా అన్నాచెల్లెళ్ళు చెరో మూలా కూర్చున్నారు.

చినబాబు ఎప్పుడూ తను చేసింది సమర్థించుకోలేదు, పొరపాటనీ అనలేదు. అతనికి సముద్రం ఉంది, కంచె ఉంది. ఆమెకే రోజూ పాలెంలోకి వెళ్ళి నలుగురి మధ్య బతకాల్సి వచ్చింది.

రాజమండ్రి కాంప్లెక్సులో బస్సు దిగేసరికి ఫణిశ్రీ వచ్చి ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఈ సన్మాన సంఘానికి కార్యదర్శి. జనవరిలో ఒకసారి పాలెం వచ్చి కంచె చూసి వెళ్ళింది. చినబాబు రాలేదని తెలిసి ఒక్క క్షణం మొహం చిన్నబోయింది గాని, సంగతి విన్నాక పర్లేదండి, మీరొచ్చారు అదే పదివేలు అని చేతిలో సంచి అందుకుంది. ఆటోలో వెళుతుండగా ఆమె ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. పూలదండల సంగతి, మైకు సంగతి, ముఖ్య అతిథి ఆలస్యం సంగతి. అన్నిటికీ ఒకే గొంతుతో జవాబు చెబుతూ మధ్యలో కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది. ఈవిడా మనలాగే అలిసిపోయి ఉంది పాపం అనుకుంది వీరవేణి.

గోదావరి గట్టు దగ్గర హాలు. కుర్చీలు సగం ఖాళీ. ముందు వరసలో సన్మానం అందుకునేవాళ్ళని కూర్చోబెట్టారు. కోరంగి వైపు బురద పర్రలో మడ మొక్కలు నాటిన సాల్మన్ అనే ఆయన, చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. వీరవేణి పక్క కుర్చీలో కోనసీమ నుంచి వచ్చిన వెంకటరత్నమ్మగారు. డెబ్భై దాటినావిడ, నేత చీర, చేతిలో మడత విసనకర్ర. వాళ్ళూరి పంటకాలవలో చెత్త వేయకుండా ఏళ్ళ తరబడి పోరుతోందట.

"ఇది నాకు మూడో శాలువా అమ్మా," అంది ఆవిడ, విసురుకుంటూనే. "కాలవ మాత్రం అలాగే ఉంది."

వీరవేణికి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు.

"మరి ఎందుకొచ్చారండి?"

"ఊళ్ళో ఎవరూ నాతో మాట్లాడరు. ఇక్కడికొస్తే నీలాంటివాళ్ళు పక్కన కూర్చుంటారు."

ఆవిడ విసనకర్ర గాలి తనకి కూడా తగిలేటట్టు కాస్త ఇటు తిప్పింది. ముఖ్య అతిథి వచ్చాడు, దీపం వెలిగించారు, పిల్లలు పాట పాడారు. ఉపన్యాసాల్లో గోదావరి తల్లి అనే మాట వచ్చినప్పుడల్లా వెనక వరసల వాళ్ళు చప్పట్లు కొట్టారు. వీరవేణి మనసు మాత్రం కంచె దగ్గరే ఉంది. ఈపాటికి పోటు దిగి ఉంటుందా, అతను ఏమన్నా తిన్నాడా అని.

చినబాబు పేరు పిలిచారు. వీరవేణి వేదికెక్కి నిలబడింది. ఫణిశ్రీ సన్మానపత్రం చదివింది. మాటలు బాగున్నాయి. ఎండనకా వాననకా తీరాన్ని కనిపెట్టుకున్న మనిషి అని, మూగజీవాలకి తండ్రి అని. అక్కడిదాకా వీరవేణి తల దించుకుని వింది. ఆ తర్వాత, ఎవరికీ వెరవక అక్రమ వేట బోటును పట్టించిన ధీరుడు అని చదివింది. హాలంతా చప్పట్లు. అన్నిటికన్నా పెద్ద చప్పట్లు దానికే.

శాలువా కప్పారు, ఫొటో తీశారు. రెండు మాటలు మాట్లాడమని ఫణిశ్రీ మైకు అందించింది. నమస్కారం పెట్టి దిగిపోవాలనే అనుకుంది వీరవేణి. కాని ఆ చప్పట్లు చెవుల్లోంచి పోవడం లేదు. మైకు పట్టుకుంది.

"మా ఆయన రాలేదండి. సముద్రం మీదకొచ్చింది, గుడ్లు మార్చుకుంటున్నాడు. నన్ను పంపాడు." గొంతు అంత పెద్దగా వినిపించేసరికి ఆమే ఉలిక్కిపడి, మైకు కాస్త దూరం జరిపింది. "మేడంగారు బోటు పట్టించాడని చదివారు కదండి. అది మా అన్నయ్య బోటండి. మా ఆయన అందులోనే పని చేసేవాడు. మా అన్నయ్య రాకూడని చోటికి వచ్చాడు, అది తప్పే. కాని ఆయన దొంగ కాదండి. మా తాతల రోజుల్లో తాబేలు వలలో పడితే పసుపూ కుంకం పెట్టి, దణ్ణం పెట్టుకుని వదిలేసేవాళ్ళు. అప్పుడది బతికే ఉండేది. ఇప్పుడు వల గంటల తరబడి నీళ్ళలో ఉంటంది. లాగేసరికి ఊపిరాడక చచ్చిపోయి ఉంటంది. అలా చచ్చినవి పడిన రోజు మా ఆయనొక్కడే కాదు, మా అన్నయ్య కూడా అన్నం ముట్టలేదు. వలకి చట్రం కట్టుకోమంటారు, తాబేలు బయటికి పోతుందని. చేప కూడా పోతుందని మావాళ్ళ భయం. పోతుందో పోదో బోటెక్కి చూపించినవాళ్ళు లేరు. మీరు మా ఆయన్ని పిలిచి శాలువా కప్పారు, సంతోషమండి. మా అన్నయ్య మా గుమ్మం తొక్కి రెండేళ్ళయింది. వాళ్ళిద్దరూ ఒక పక్కన ఉండాల్సినోళ్ళండి. అంతేనండి."

ముందు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత వెంకటరత్నమ్మగారు విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కొట్టింది. అక్కడక్కడా ఇంకొందరు కొట్టారు. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నాడు. సాల్మన్ పేరు పిలిచారు.

భోజనాల దగ్గర ఫణిశ్రీ వెతుక్కుంటూ వచ్చింది. పేపర్లో పడిన వార్త చూసి ఆ వాక్యం రాశానని, ఆ బోటు ఎవరిదో కనుక్కోవాలని తోచలేదని చెప్పింది. ఆమె కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. ఈ హాలు నింపడానికే నెల రోజులు తిరిగానండి, అసలు పని చేయడానికి తీరిక ఎక్కడ మిగులుతోంది అని తనలో తను అనుకున్నట్టు అంది. తర్వాత గంగయ్య ఫోన్ నంబరు అడిగింది. రెండేళ్ళుగా ఒక్కసారి కూడా నొక్కని నంబరు వీరవేణి తడుముకోకుండా చెప్పింది. చెప్పాక, ఎందుకు చెప్పానా అని భయం వేసింది.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. ఇంటికి వెళ్ళకుండా తిన్నగా తోటలోకి నడిచింది. నీళ్ళు వెనక్కి తగ్గాయి గాని కంచె ఒక పక్క ఒరిగిపోయింది. బొంగులు రెండు అల్లంత దూరాన తడి ఇసకలో పడి ఉన్నాయి. మెరక మీద కొత్త గుంటలు, పైన తాటాకులు కప్పి ఉన్నాయి. చినబాబు సరుగుడు చెట్టుకి ఆనుకుని కాళ్ళు చాపి ఉన్నాడు. చేతివేళ్ళు నానిపోయి తెల్లగా పాలిపోయాయి. ఆమెని చూసి లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయాడు.

"కింద వరస మొత్తం పోయింది," అన్నాడు. "పైవి మార్చాను. బతుకుతాయో లేదో."

హాల్లో పెట్టిన పులిహోర పొట్లం విప్పి ముందు పెట్టింది. అతను తింటుండగా తను వేదిక మీద అన్నదంతా చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. చినబాబు తినడం ఆపి విన్నాడు. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"మళ్ళీ వాళ్ళు ఒడ్డు వెంబడి వల లాగుతుంటే మళ్ళీ ఫోన్ చేస్తాను వీరేణీ. అది మీ అన్నయ్య బోటైనా సరే."

"తెలుసు మావా. నేను చెప్పింది నువ్వు చేయొద్దని కాదు."

అతను తల ఊపి మళ్ళీ తినడం మొదలెట్టాడు. ఆమె అతని పక్కనే ఇసకలో కూర్చుంది. సముద్రం మామూలుగా ఉంది, పొద్దున మీదకొచ్చింది తను కానట్టు.

రెండు రోజులకి, ఎండ చురుక్కుమంటున్న వేళ, వీరవేణి ఇంటి ముందు మెత్తళ్ళు ఆరబోస్తుంటే గంగయ్య వచ్చాడు. చినబాబు తెప్ప మీద ఉన్నాడని తెలుసుకునే వచ్చి ఉంటాడు. మనిషి చిక్కిపోయాడు, చెంపలు నెరిసిపోయాయి. దగ్గర్నుంచి చూస్తే గాని ఆమెకి అది తెలియలేదు. అరుగు అంచున కూర్చున్నాడు.

ఆమె సభలో మాట్లాడింది ఫోన్లో వీడియోగా వచ్చిందని, వదిన చూపించిందని, రేవులో అందరి ఫోన్లలోనూ ఉందని చెప్పాడు. నలుగురిలో నా పేరు ఎందుకు ఎత్తావని అడిగాడు.

"పేరు చెప్పలేదు. మా అన్నయ్య అన్నాను."

"నీకు ఎంతమంది అన్నలున్నారు?"

వీరవేణి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గంగయ్య తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఆ రోజు అన్నం తినలేదన్న సంగతి నువ్వెందుకు చెప్పాలి అన్నాడు. రేవులో కుర్రాళ్ళు ఆ మాట పట్టుకుని ఆటపట్టిస్తున్నారట. కోపంగా అనబోయినా గొంతులో కోపం పూర్తిగా కుదరలేదు. తలుపు సందులోంచి చేపల పులుసు వాసన వస్తోంది. వీరవేణి అడగకుండానే కంచం పెట్టింది. వద్దనకుండా తిన్నాడు. తింటూ, ఎవరో మేడం ఫోన్ చేసిందని చెప్పాడు. చట్రం తెచ్చి నా బోటు వలకే కట్టి చూపిస్తారంట, తిట్టి ఫోన్ పెట్టేశాను అన్నాడు. మర్నాడు మళ్ళీ చేసిందట.

"ఏమన్నావు?"

"ఏమంటాను. విసుగొచ్చి రమ్మన్నాను." చెయ్యి కడుక్కుని లేచాడు. "నీ మొగుడి కోసం కాదు."

సర్లే అంది వీరవేణి. అతను వెళ్ళాక అతను తిన్న కంచం ముందు కూర్చుని ఏడ్చింది. ఎక్కువసేపు కాదు, చేపలు తిరగేయాలి.

అనుకున్నట్టే ఫణిశ్రీ వలల పని తెలిసిన ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గంగయ్య బోటులో సముద్రం మీదకి వెళ్ళారు. ఆమె దారంతా వాంతులు చేసుకుంటూనే ఉందని, అయినా బోటు వెనక్కి తిప్పొద్దని పట్టుబట్టిందని తర్వాత, మళ్ళీ మాట కలిపిన వదిన చెప్పగా తెలిసింది. చట్రం కట్టిన వలలోంచి చేప కొంత పోయింది, భయపడినంత పోలేదు. జెల్లీచేపలూ చెత్తా కూడా బయటికి పోవడంతో వల తేలికగా వచ్చింది. ఈ లాభమొక్కటే గంగయ్య పైకి ఒప్పుకున్నాడు. ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం మొదలయ్యే దాకా ఆ చట్రం తియ్యలేదు. ఇంకో బోటు వాళ్ళు వచ్చే ఏడు చూద్దామన్నారు. మిగతా రేవంతా నవ్వింది. చచ్చిన తాబేళ్ళు ఆ ఏడు కూడా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. చినబాబు తోట వెనక గొయ్యి తీసి వాటిని పూడుస్తూనే ఉన్నాడు. మెరక మీదకి మార్చిన గుంటల్లో కొన్నిటిలోంచి పిల్లలు వచ్చాయి, కొన్నిటిలోంచి రాలేదు.

నిషేధం మొదలైన వారానికి గంగయ్య వలని వ్యానులో వేసుకొచ్చి, సరుగుడు నీడలో పరిచి బాగుచేయడం మొదలెట్టాడు. అంత నీడ రేవులో దొరకదని వదిన చెప్పింది. వీరవేణి టీ తీసుకుని వెళ్ళేసరికి చినబాబు అక్కడే ఉన్నాడు. ఆమె అడుగు ముందుకి వేయకుండా అక్కడే ఆగి చూసింది.

ఇద్దరూ వలకి చెరో పక్కన గొంతుక్కూర్చున్నారు. మధ్యలో ఇనప చట్రం. ఉప్పునీళ్ళకి అతుకు దగ్గర తుప్పు పట్టిందని గంగయ్య అంటున్నాడు, వెల్డింగు సరిగ్గా లేదని చినబాబు. మొహాలు చూసుకోవడం లేదు, చట్రాన్నే చూస్తున్నారు. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తుతారని కూడా ఆమెకి నమ్మకం లేదు. టీ గ్లాసులు ఇద్దరికీ అందేంత దూరంలో పెట్టి వెనక్కి వచ్చేసింది.

ఇంట్లో పని చాలా ఉంది. గంపలు కడగాలి, నీళ్ళు పట్టాలి, పొయ్యి రాజెయ్యాలి. అవేవీ చేయలేదు. చాప పరుచుకుని, పట్టపగలు, తలుపు తెరిచి ఉండగానే పడుకుంది. దూరంగా ఇద్దరు మగవాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి. ఏమంటున్నారో వినాలని కూడా ప్రయత్నించకుండా వీరవేణి నిద్రపోయింది.